రెక్కల కష్టంతో నిలిచిన కళ: బుర్రకథ పితామహుడు షేక్ నాజర్

జుమా నమాజు ముగించి ఇంటికి చేరి భోజనాలకు కూర్చున్నప్పుడు మన ఇళ్ళలో అప్పుడప్పుడూ వినిపించే మాట ఒకటుంది. అబ్బాయి నోటుపుస్తకం చివరి పేజీల్లో కవితలు రాస్తున్నాడనో, అమ్మాయి కథ రాసి పత్రికకు పంపిందనో తెలుస్తుంది. పెద్దల ముఖాల్లో సంతోషం కనిపిస్తుంది. ఆ వెనకే ఒక దిగులు కూడా తొంగిచూస్తుంది. ఈ రాతలు రేపు కూడు పెడతాయా అన్నదే ఆ దిగులు. నెలాఖరుకు అద్దె కట్టవలసిన ఇంట్లో ఆ ప్రశ్న పుట్టడం తప్పు కాదు. అయితే ఆ ఒక్క ప్రశ్నతో పిల్లల చేతిలోని కలాన్ని లాగేసుకోవడం మాత్రం తప్పే.

ఈ చిక్కుకు సలహాల కన్నా ఒక మనిషి జీవితం మంచి జవాబు చెబుతుంది. ఆ మనిషి మనవాడే. కృష్ణకు ఇటు విజయవాడ నుంచి అటు గుంటూరు, తెనాలి, పల్నాడు దాకా ఊరూరా రాత్రిళ్ళు జనాన్ని మేలుకొలిపిన బుర్రకథ పితామహుడు షేక్ నాజర్. ఆయన పేరు వినని తెలుగు పెద్దవారు అరుదు. ఆయన బతుకుతెరువును, కళను ఎలా కలిపి నడిపారో తెలిసిన పిల్లలు మాత్రం మన ఇళ్ళలో కొద్దిమందే. అందుకే నేడు ఆ జీవితాన్ని ఒకసారి తలచుకుందాం.

పొన్నెకల్లు బిడ్డ

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో జన్మించారు. తండ్రి మస్తాన్, తల్లి బీబాబీ. పేద దూదేకుల కుటుంబం. దూది ఏకడం, పరుపులు కుట్టడం తరతరాల వృత్తిగా ఉన్న ఈ వర్గాన్ని పింజారీలనీ, నూర్‌బాషాలనీ కూడా పిలుస్తారు. కోస్తా జిల్లాల్లో ఈ కుటుంబాల్లో చాలామందికి ఇంటి భాష తెలుగే. ఇటు ముస్లిం సమాజంలోనూ అటు ఊరి జనంలోనూ వీరిని కొంత తక్కువగా చూసిన రోజులవి. పింజారీ అన్న మాటను తిట్టుగా వాడినవారూ ఉన్నారు. ఈ సంగతి గుర్తుంచుకుందాం. నాజర్ జీవితం చివర్లో ఈ మాట మళ్ళీ వస్తుంది.

ఆ పిల్లవాడికి అల్లాహ్ ఇచ్చిన ఆస్తి గొంతు. బడిలో వేసిన నాటకంలో ద్రోణుడి వేషం కట్టినప్పుడు ఆ గొంతు అందరి చెవినా పడింది. ఖాదర్ అనే హార్మోనియం విద్వాంసుడు ఆ బాలుడిలోని వెలుగును గుర్తించారు. సంగీతం నేర్పించే ఉద్దేశంతో బాలల నాటక సమాజంలో చేర్చుకున్నారు. ఆ తరువాత నాజర్ నరసరావుపేటలో మురుగుల సీతారామయ్య గారి దగ్గర శాస్త్రీయంగా సంగీత శిక్షణ పొందారు. ఒక ముస్లిం ఉస్తాదు చేయి పట్టి నడిపిస్తే ఒక హిందూ గురువు స్వరం దిద్దారు. మన పల్లెల్లో విద్య చేతులు మారిన తీరు అది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. పుట్టుకతో వచ్చిన గొంతు ఉంది కదా, ఇక నేర్చుకోవడం దేనికి అని నాజర్ అనుకోలేదు. పూట గడవడం కష్టమైన ఇంటి నుంచి వచ్చినా, గురువు దగ్గర కూర్చుని సాధన చేశారు. తరువాతి అరవై ఏళ్ళూ ఆయనను మోసింది ఆ పునాదే. రాతకూ అదే సూత్రం. నాలుగు పద్యాలో రెండు కథలో రాగానే అచ్చు కోసం ఆరాటపడే పిల్లలు ముందుగా నాలుగు వందల కథలు చదవాలి. బాగా రాసినవారి దగ్గర శిష్యరికం చేయాలి.

బాల మహమ్మదీయ సభ

శిక్షణ రోజుల్లో పేదరికం వెంటాడింది. ఇలాంటప్పుడు చాలామంది కళను వదిలేస్తారు. నాజర్ వదల్లేదు. బాల మహమ్మదీయ సభ అనే పేరుతో సమాజం ఏర్పడింది. పాదుకా పట్టాభిషేకం, ఖిల్జీ రాజ్య పతనం వంటి నాటకాలు ఆడి పేరు తెచ్చుకున్నారు. ఆ కాలపు పల్లెల్లో రంగస్థలం అంటే పౌరాణిక, చారిత్రక నాటకాలే. ఊరివారు పిలిచి చూసేవీ, సంభావన ఇచ్చేవీ అవే.

ఆ సభ పేరే మనకు ఒక పాఠం. డబ్బున్న పోషకుడి కోసం ఎదురుచూడకుండా, నలుగురు కలిసి తమ వేదికను తామే కట్టుకోవచ్చు. ఒంటరిగా సాగించిన పని ఎక్కువకాలం నిలవదు. ఒకరు నీరసించినప్పుడు మరొకరు లేపాలి. ఒకరి తప్పు మరొకరు దిద్దాలి. రాసే పిల్లలకు కూడా వారానికొకసారి కలుసుకుని, రాసినది చదివి వినిపించుకునే ముగ్గురు స్నేహితులు ఉంటే సగం కష్టం తీరినట్టే.

కుట్టుపని, సంగీత పాఠాలు

నాటకాల పేరు పెరిగింది కాని పొయ్యి మీదకు అది చాలలేదు. నాజర్ బతుకుతెరువు కోసం దర్జీ పని చేశారు. పిల్లలకు సంగీత పాఠాలు చెప్పారు. ఆయన జీవితకథలో ఈ భాగాన్ని చాలామంది ఒక్క వాక్యంలో దాటేస్తారు. మనకు మాత్రం ఇదే ముఖ్యమైన ఘట్టంగా తోస్తుంది.

కుట్టుపనిలో కొలత తప్పితే గుడ్డ పాడవుతుంది. ఒప్పుకున్న రోజుకు ఇవ్వకపోతే మాట పోతుంది. పండగ ముందు రోజుల్లో రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోవాలి. ఇలాంటి పని చేసిన మనిషికి రోజూ కూర్చోవడం అలవాటవుతుంది. మనసు బాగున్నప్పుడే కుడతానంటే దర్జీ దుకాణం నడవదు. మనసు బాగున్నప్పుడే రాస్తానన్నవారి రాత కూడా నడవదు. సంగీత పాఠాల సంగతీ అంతే. తెలిసినదాన్ని పిల్లవాడికి అర్థమయ్యేలా చెప్పడంలో మనకున్న విద్య మరింత పదునెక్కుతుంది. చేతికి పని ఉన్న కళాకారుడు ప్రతి పూటా ఎవరో ఒకరిని పొగిడి పొట్ట పోసుకోవలసిన అగత్యం నుంచి తప్పించుకుంటాడు.

మన ధర్మంలో ఇది కొత్త మాటేమీ కాదు. హజ్రత్ దావూద్ (అలై) రాజై ఉండి కూడా ఇనుముతో కవచాలు చేసి తన చేతి కష్టం తిన్నారు. హజ్రత్ జకరియ్యా (అలై) వడ్రంగి పని చేశారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫా నగరంలో బట్టల వ్యాపారం చేస్తూనే ఫిఖ్ శాస్త్రానికి పునాదులు వేశారు. వ్యాపారం ఆయన విద్యను తగ్గించలేదు. పాలకుల ముందు తల వంచకుండా ఉండే ధైర్యాన్ని ఇచ్చింది. హలాల్ సంపాదన విద్యకు అడ్డు అనుకోవడం పొరపాటు. అది విద్యకు కంచె.

తన గొంతుకు తగిన రూపం

1943లో నాజర్ జీవితం మలుపు తిరిగింది. ఆ ఏడాది బెంగాల్ కరువు దేశాన్ని కుదిపేసింది. ఇరవై నుంచి ముప్పై లక్షల మంది ఆకలితో, రోగాలతో ప్రాణాలు విడిచారు. ఆ దుఃఖాన్ని తెలుగు పల్లెలకు చేర్చడానికి, సాయం కూడగట్టడానికి కళాకారులు బయలుదేరారు. తెలుగునాట ప్రజానాట్యమండలి ఏర్పడిన కాలమది. కృష్ణా, గుంటూరు జిల్లాలు దానికి ఆయువుపట్టు. కమ్యూనిస్టు కార్యకర్తల చొరవతో నాజర్ ఆ దళంలోకి వచ్చి బుర్రకథ చేపట్టారు.

బుర్రకథ అప్పటికే జంగం కథ, శారద కథ, తందాన కథ అనే పేర్లతో పల్లెల్లో ఉన్నదే. మధ్యలో కథకుడు భుజాన తంబురా వేసుకుని, బొటనవేలి అందె మోగిస్తూ కథ నడుపుతాడు. ఇరుపక్కలా ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తారు. ఒక వంత హాస్యం చెబుతాడు. రెండో వంత రాజకీయం, అంటే ఆనాటి లోకం తీరు మాట్లాడతాడు. పెద్ద రంగస్థలం అక్కరలేదు, తెరలు అక్కరలేదు. నాలుగు బల్లలు వేసి ఒక దీపం పెడితే చాలు. డెల్టాలో కోతలయి కుప్పలు పడ్డాక, చేతికి తీరిక చిక్కిన రైతు, కూలీ, కుటుంబాలతో వచ్చి తెల్లవార్లూ కూర్చునేవారు.

ఈ పాత రూపంలో నాజర్ కొత్త ప్రాణం పోశారు. నాటకాల్లో నేర్చిన అభినయం, గురువు దగ్గర నేర్చిన సంగీతం, పల్లె నుడికారం ఒక్కచోట కలిశాయి. కథకుడు అడుగు వేస్తే, గిర్రున తిరిగితే, కంట తడి పెడితే జనం కూడా ఆ కథలోకి వెళ్ళిపోయేవారు. అంతకుముందు ఆయన ఏళ్ళ తరబడి చేసిన ప్రతి పనీ ఇక్కడ అక్కరకు వచ్చింది. వృథా పోయిందనుకున్న కాలం నిజానికి వృథా పోలేదు. మనకు నప్పే రూపం మొదటి రోజే దొరకదు. కవితతో మొదలుపెట్టినవాడు కథలో స్థిరపడవచ్చు, కథ రాసినవాడు నాటకంలో కుదురుకోవచ్చు. దొరికేదాకా వెతకాలి. దొరికాక విడవకూడదు.

రాసి, ఆడి, దిద్దుకుని

నాజర్ కథ చెప్పడంతో ఆగలేదు. రచయిత కూడా అయ్యారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, వీరాభిమన్యు, క్రీస్తు, బెంగాల్ కరువు వంటి కథలను బుర్రకథలుగా జనం ముందుకు తెచ్చారు. ఆసామి అనే నాటకం రాసి ప్రదర్శించారు. ఈ జాబితాను ఒకసారి తేరిపార చూడండి. పల్నాటి వీరుల పక్కన క్రీస్తు కథ ఉంది. పురాణ బాలుడి పక్కన మన్యం వీరుడు ఉన్నాడు. నిన్నటి చరిత్ర పక్కన ఆనాటి ఆకలి ఉంది. అందరి కథా తన కథే అనుకున్న దూదేకుల బిడ్డకు వస్తువు కొరత ఎన్నడూ రాలేదు.

కాగితం మీద రాసే మనకు లేని వరం ఒకటి బుర్రకథకుడికి ఉంది. రాసినది ఆ రాత్రే జనం ముందు పరీక్షకు నిలబడుతుంది. నవ్వు రావలసిన చోట నవ్వు రాకపోతే తెలిసిపోతుంది. కథ సాగితే పిల్లలు నిద్రపోతారు, పెద్దలు లేచి వెళతారు. మర్నాడు మరో ఊళ్ళో అదే కథ చెప్పాలి కనుక దిద్దుకోక తప్పదు. ఆ అవకాశం మనం కూడా కల్పించుకోవచ్చు. రాసినది ఇంట్లో అమ్మీకి, నానీకి, చదువు రాని పక్కింటి పెద్దమనిషికి చదివి వినిపించాలి. వారి ముఖం చూస్తే ఎక్కడ బిగువు తగ్గిందో తెలుస్తుంది.

హాస్యపు వంత సంగతి కూడా మరువరాదు. ఎంత కరుణ కథ అయినా బుర్రకథలో నవ్వుకు చోటు ఉంటుంది. రాత్రంతా పాడి, ఆడి, మర్నాడు మరో ఊరికి నడిచే మనుషులకు ఆ నవ్వే బలం. రాయడం శిక్షలా మారితే ఎవరూ పదేళ్ళు రాయలేరు. ఆనందం ఉండాలి. ఆ ఆనందం ఇతరులతో పంచుకునేది కావాలి.

గడ్డు రోజులు

ఎప్పుడూ మంచి రోజులే ఉండవు. 1940ల చివర్లో మద్రాసు ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీని నిషేధించింది. ప్రజానాట్యమండలి దళాలు చెదిరిపోయాయి. కళాకారులలో కొందరు జైలు పాలయ్యారు, కొందరు అజ్ఞాతంలోకి పోయారు, మరికొందరు సినిమా బాట పట్టారు. ఊరూరా మోగిన గుమ్మెటలు మూగబోయిన కాలమది. ఒక్క సంస్థనే నమ్ముకున్న కళకు ఆ సంస్థ చెదిరిన రోజున ఆధారం పోతుంది.

నాజర్ కళ మాత్రం నిలిచింది. ప్రజానాట్యమండలి నిర్మాతల్లో ఒకరైన గరికపాటి రాజారావు 1953లో తీసిన పుట్టిల్లు చిత్రంలో నాజర్ బుర్రకథ వెండితెర కెక్కింది. 1954లో వచ్చిన అగ్గిరాముడు చిత్రంలోని అల్లూరి సీతారామరాజు బుర్రకథ తెలుగువారి నోళ్ళలో నానింది. తరువాత మరికొన్ని చిత్రాల్లోనూ ఆయన కథ వినిపించింది. అయినా ఆయన పేరు పల్లె బుర్రకథతోనే ముడిపడి ఉంది. వెండితెర మీద కొద్ది నిమిషాలు కనిపించే కథకు, జనం మధ్య రాత్రంతా సాగే కథకు తేడా ఉంది. మొదటిది పేరు తెచ్చింది. రెండోది ఆయన ఊపిరి. పేరు వచ్చిన చోటికి కళ మొత్తం తరలిపోకుండా చూసుకోవడం కూడా ఒక తెలివి.

మన ఇళ్ళలోని సందేహం

ఇక్కడ మన పాఠకులలో కొందరికి ఒక సందేహం కలుగుతుంది. పాట, వాద్యం, వేషం వంటివి మన ధర్మానికి సమ్మతమేనా అని అడిగే పెద్దలు ప్రతి మొహల్లాలో ఉన్నారు. వాద్యాల విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. వాటిని తేల్చే అర్హత మాకు లేదు. ఎవరి మనస్సాక్షి, ఎవరి ఉస్తాదు బోధ వారికి ఉంటుంది. మాట గురించి మాత్రం చరిత్ర స్పష్టంగా ఉంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) వారు కవి హస్సాన్ బిన్ సాబిత్ (రజి) కోసం మస్జిదులోనే మింబర్ వేయించారు. మంచి పనికి వాడిన కవిత్వానికి ఆ గౌరవం దక్కింది.

కనుక ప్రశ్న కవిత్వం రాయవచ్చునా అన్నది కాదు, దేని కోసం రాస్తున్నాం అన్నది. నియ్యత్ ముఖ్యం. నాజర్ గొంతు ఆకలితో చనిపోతున్న బెంగాలీల కోసం లేచింది, భూమి లేని కూలీ కోసం లేచింది. ఆయన రాజకీయంతో ఏకీభవించనివారు కూడా ఆ నియ్యత్‌ను కాదనలేరు. మతసంబంధమైన విషయాల్లో ఆయన నడిచిన దారి అంతా మన పిల్లలకు ఆదర్శమని మేము చెప్పడం లేదు. పని పట్ల ఆయన చూపిన నిజాయితీ మాత్రం ఆదర్శమే.

పింజారి

1986లో భారత ప్రభుత్వం షేక్ నాజర్‌ను పద్మశ్రీతో గౌరవించింది. పొన్నెకల్లు పేదింటి బిడ్డకు దేశం ఇచ్చిన గుర్తింపు అది. అంతకంటే మనలను కదిలించే సంగతి మరొకటుంది. ఆయన చెప్పిన జీవితకథను అంగడాల వెంకట రమణమూర్తి పుస్తకంగా రాశారు. ఆ పుస్తకం పేరు పింజారి. పద్మశ్రీ పొందిన మనిషి కథకు ఏ బిరుదైనా పేరుగా పెట్టవచ్చు. లోకం చిన్నచూపు చూసిన పదమే అట్ట మీద నిలిచింది. తిట్టుగా వాడిన మాట గౌరవంగా మారింది. దూది ఏకే చేతుల మీద సిగ్గుపడవలసిన మరక ఏదీ లేదని ఆ ఒక్క పేరు చెబుతుంది.

1997 ఫిబ్రవరి 22న నాజర్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 77 సంవత్సరాలు. చిన్ననాడు బడి నాటకంతో మొదలైన ప్రయాణం జీవితాంతం సాగింది.

ఆయన తరువాత తెలుగు ముస్లింల కలం మరింత విప్పారింది. 1998లో జల్‌జలా కవితా సంకలనం, 2004లో వతన్ కథా సంకలనం వచ్చాయి. 2010లో సలీం గారి నవల కాలుతున్న పూలతోటకు సాహిత్య అకాడమీ పురస్కారం, 2011లో వేంపల్లె షరీఫ్ గారి జుమ్మా కథలకు అకాడమీ యువ పురస్కారం దక్కాయి. మన ఇంటి మాట, మన వంటింటి బాధ, మన పండగ సంబరం అచ్చులోకి వచ్చాయి. నాజర్ నడిచిన నాటికి ఇంత వెడల్పైన దారి లేదు.

మనం చేయదగినవి

ఈ జీవితం నుంచి మన కుటుంబాలు ఏం తీసుకోవచ్చు? మాకు తోచిన నాలుగు మాటలు చెబుతాం.

మొదటిది, రాసే పిల్లవాడికి ఒక చేతిపనో ఉద్యోగానికి పనికొచ్చే చదువో తప్పక ఉండాలి. రాత మానుకోమని చెప్పడానికి దాన్ని సాకుగా వాడవద్దు. రాత బతకడానికే ఆ పని అని చెప్పండి. దర్జీ దుకాణంలో, ఆటోనగర్ షెడ్డులో, బడిలో పాఠం చెబుతూ ఉన్నవారు కూడా రచయితలు కాగలరు. వారికి తెలిసిన లోకం మరెవరికీ తెలియదు కూడా.

రెండవది, రోజూ కొంచెం సమయం. ఫజర్ నమాజు తరువాత అరగంట చాలు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, మనసు తేటగా ఉంటుంది. రోజుకు ఒక్క పేజీ రాసినా ఏడాదికి 365 పేజీలు. అందులో పనికొచ్చేవి యాభై పేజీలైనా గొప్పే. అమ్మాయిలకు ఈ అరగంట దక్కాలంటే ఇంటిపని మగపిల్లలు కూడా పంచుకోవాలి. ఈ మాట తండ్రులకు ప్రత్యేకంగా చెబుతున్నాం.

మూడవది, చదువు. 1989 నుంచి విజయవాడలో పుస్తక మహోత్సవం నడుస్తూ వస్తోంది. ఏలూరు రోడ్డు వెంట పుస్తకాల షాపులు ఉన్నాయి. పండగకు కొత్త బట్టలతో పాటు ఒక్కో పిల్లకు ఒక్కో పుస్తకం కొనిపెట్టడం మనకు భారం కాదు.

నాలుగవది, వినే మనుషులు. రాసినది వినిపించుకోవడానికి ఇంట్లో చెవులు లేకపోతే పిల్లలు బయట పొగడ్తల కోసం పరుగెత్తుతారు. పొగడవలసిన పని లేదు, వెక్కిరించకుండా వింటే చాలు. బాగాలేని చోట బాగాలేదని ప్రేమగా చెప్పండి. ఆనాడు ఖాదర్ ఉస్తాదు ఒక పేద పిల్లవాడి గొంతు విని ముందుకు పోయి ఉంటే, మనకు నాజర్ ఉండేవారు కారు.

ఈ శుక్రవారం సాయంత్రం టీ తాగుతూ మీ పిల్లల్ని కూర్చోబెట్టి ఏం రాశారో అడగండి. ఒక్కసారి చదివించుకుని వినండి. మన బిడ్డలకు హలాల్ జీవనోపాధినీ, మంచి మాట పలికే కలాన్నీ, ఆ రెంటినీ కలిపి నడిపే ఓర్పునూ అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.